కీబోర్డ్ షార్ట్‌కట్లు: పేరు ఒకసారి సరిగ్గా కొట్టండి, పది చోట్ల వాడుకోండి

పోయిన ఏడాది మా ఖాలా కొడుకు పాస్‌పోర్ట్ కోసం అల్లవరం నుంచి ఆటో ఎక్కి అమలాపురం వెళ్ళాం. ఒక నెట్ సెంటర్‌లో (పేరు వద్దులెండి) ఫారం నింపించాం. కుర్రాడు పాపం బాగానే కొట్టాడు. కానీ ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని, చూసి చూసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఇంటిపేరు గడిలో షేక్ అని ఒకలా పడింది, తండ్రి పేరు దగ్గర ఇంకోలా పడింది. మేం కూడా సరిగ్గా చూసుకోలేదు. కాగితాలు సరిచూసే రోజున పని అక్కడే ఆగిపోయింది. మళ్ళీ అపాయింట్‌మెంట్, మళ్ళీ ఆటో ఖర్చు, ఒక రోజు కూలి పోయింది. కువైట్‌లో ఉన్న మామూ ఫోన్ చేసి "ఏరా, పేరు కూడా సరిగా రాయించుకోలేకపోయారా" అని చీవాట్లు పెట్టాడు.

ఆ రోజు నాకు అనిపించింది ఒక్కటే. ఆ కుర్రాడు పేరును ఒకసారి సరిగ్గా కొట్టి, మిగతా చోట్ల కంట్రోల్+సి, కంట్రోల్+వి వాడి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. షార్ట్‌కట్ అనగానే అందరూ స్పీడ్ గురించే మాట్లాడతారు. మన ఇళ్ళల్లో స్పీడ్ కంటే తప్పు పడకపోవడం ముఖ్యం. స్పీడ్ దాని వెనకే వస్తుంది.

కోనసీమలో ఇప్పుడు కంప్యూటర్ పని లేని ఇల్లు తక్కువ. గల్ఫ్ కాగితాలు, స్కాలర్‌షిప్ ఫారాలు, హజ్ దరఖాస్తు, కొబ్బరి షాపు లెక్కలు, సచివాలయంలో అర్జీలు... ఏదో ఒకటి ఉంటుంది. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ మొదలై, వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఆరు నెలల గడువు అన్నప్పుడు, కంప్యూటర్ తెలిసిన పిల్లల కోసం మసీదు కమిటీల పెద్దలు ఎంతగా వెతుక్కున్నారో మనం చూశాం. డిసెంబర్ 6తో ఆ గడువు తీరింది. అలాంటి రోజున పది గడులున్న పేజీ నింపడానికి అరగంట పట్టేవాడికీ, పది నిమిషాల్లో పూర్తి చేసేవాడికీ ఉన్న తేడా చిన్నది కాదు.

ముందు లెక్క చూద్దాం

నేను కామర్స్ చదివాను కాబట్టి లెక్క లేకుండా మాట్లాడటం అలవాటు లేదు. చెయ్యి కీబోర్డ్ మీంచి తీసి, మౌస్ పట్టుకుని, బాణం గుర్తును సరైన చోటికి జరిపి, నొక్కి, మళ్ళీ కీబోర్డ్ మీదకు రావడానికి రెండు సెకన్లే పడుతుందని అనుకుందాం. అకౌంట్స్ పని చేసేవాళ్ళు రోజులో ఇలా 1,200 సార్లు చేస్తారనుకుంటే 2,400 సెకన్లు. అంటే 40 నిమిషాలు. నెలకు 25 పని రోజులు వేసుకుంటే 1,000 నిమిషాలు, దాదాపు 17 గంటలు. ఇది ఎవరో సర్వే చేసి చెప్పింది కాదు, నా కాగితం మీద లెక్క. మీ పనికి తగ్గట్టు అంకెలు మార్చి చూసుకోండి. ఎలా మార్చినా రోజూ జోహర్ నమాజ్‌కు వెళ్ళొచ్చేంత టైమ్ అయితే మిగులుతుంది.

ఈ కాపీ, కట్, పేస్ట్ అనేవి ఊరికే పుట్టినవి కావు. లారీ టెస్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, తన తోటి ఉద్యోగి టిమ్ మాట్‌తో కలిసి 1970ల నడిమధ్యలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఈ పద్ధతిని తయారు చేశారు. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో చనిపోయారు. జడ్, ఎక్స్, సి, వి అక్షరాలు కీబోర్డ్ కింది వరసలో ఎడమవైపు పక్కపక్కనే ఉంటాయి, గమనించారా? ఎడమ చేతి చిటికెన వేలు కంట్రోల్ మీద ఉంచి, మిగతా వేళ్ళతో నాలుగూ అందుకోవచ్చు. కుడి చేతిలో మౌస్ ఉన్నా పని ఆగదు. 1983లో వచ్చిన యాపిల్ లీసా కంప్యూటర్ నుంచి ఈ నాలుగు అక్షరాలే నడుస్తున్నాయి. యాపిల్ వాళ్ళ కంప్యూటర్లలో కంట్రోల్ బదులు కమాండ్ అనే కీ ఉంటుంది, మిగతాదంతా ఒకటే.

ఈ నాలుగింటిలో జరిగే పొరపాట్లు

కంట్రోల్+సి అంటే కాపీ. అసలు ఉన్నది ఉన్నచోటే ఉంటుంది. కంట్రోల్+ఎక్స్ అంటే కట్, అక్కడి నుంచి తీసేస్తుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే. కాపీ చేయాల్సిన చోట కట్ కొడతారు. తర్వాత ఇంకేదో కాపీ చేస్తారు. మొదటిది పోతుంది. మామూలుగా కంప్యూటర్ చివరగా పట్టుకున్నది ఒక్కటే గుర్తుపెట్టుకుంటుంది.

అప్పుడు ఆదుకునేది కంట్రోల్+జడ్. చేసిన పనిని వెనక్కి తిప్పుతుంది. మళ్ళీ మళ్ళీ కొడితే ఒక్కో అడుగు వెనక్కి వెళ్తుంది. ఎక్కువ వెనక్కి వెళ్ళిపోయారా, కంట్రోల్+వై కొట్టి ముందుకు రండి. పొరపాటున కంట్రోల్+ఎ పడి మొత్తం సెలెక్ట్ అయ్యి, ఆ వెంటనే ఏదో అక్షరం తగిలి, రాసిందంతా మాయమైపోయి ఏడ్చినవాళ్ళను చూశాను. కంగారు పడి ఫైల్ మూసేయకండి. సేవ్ చేయనూ వద్దు. ముందు కంట్రోల్+జడ్ కొట్టండి. మూసేస్తే మాత్రం ఆ జ్ఞాపకం పోతుంది.

కంట్రోల్+ఎస్ గురించి ఒక ముఖ్యమైన మాట. వర్డ్‌లో, ఎక్సెల్‌లో అది ఫైల్‌ను సేవ్ చేస్తుంది. కరెంటు పోయే ఊళ్ళల్లో ఉన్నాం కాబట్టి ప్రతి రెండు మూడు లైన్లకూ కొట్టడం మంచిది. కానీ ఇంటర్నెట్‌లో ఫారం నింపుతున్నప్పుడు కంట్రోల్+ఎస్ కొడితే ఆ వెబ్ పేజీ మీ కంప్యూటర్‌లో దిగుతుందే తప్ప, మీరు నింపిన వివరాలు ప్రభుత్వ సైట్‌లో సేవ్ అవవు. అక్కడ పేజీలో ఇచ్చిన సేవ్ బటన్‌నే నొక్కాలి. సేవ్ అయిందనుకుని లేచి వెళ్ళి, తిరిగొచ్చేసరికి సెషన్ అయిపోయి అంతా ఖాళీగా కనపడటం చాలామందికి అనుభవమే.

ఫారం నింపేటప్పుడు

ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్ళడానికి మౌస్ అక్కర్లేదు. ట్యాబ్ కొడితే ముందుకు, షిఫ్ట్+ట్యాబ్ కొడితే వెనక్కి. టిక్ పెట్టాల్సిన చిన్న డబ్బా మీదకు ట్యాబ్‌తో వచ్చి స్పేస్ కొడితే టిక్ పడుతుంది, మళ్ళీ కొడితే పోతుంది. జిల్లాల జాబితా లాంటివి ఉంటాయి కదా, వాటి మీద ఆల్ట్+కింది బాణం కొడితే తెరుచుకుంటుంది. తెరిచాక జిల్లా పేరులో మొదటి అక్షరాలు ఇంగ్లీషులో కొడితే అక్కడికి దూకుతుంది. ఇక్కడ మనవాళ్ళకు ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మనది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అయింది. కొన్ని జాబితాల్లో డి అక్షరం కింద ఉంటుంది, కొన్నిట్లో కె కింద కోనసీమ అని ఉంటుంది, పాత సైట్లలో ఇంకా తూర్పు గోదావరే ఉంటుంది. ఒక అక్షరం కొట్టి దొరకలేదని ఖంగారు పడకండి, మిగతా రెండూ చూడండి.

ఇక పేరు సంగతి. మన పేర్లకు తెలుగులో ఒకటే రూపం, ఇంగ్లీషులో పది రూపాలు. షేక్ అనే మాటనే ఎస్-హెచ్-ఎ-ఐ-కె అంటారు, మధ్యలో ఎ-ఐ బదులు ఇ-ఐ పెడతారు, చివర ఇంకో హెచ్ తగిలిస్తారు, లేదా ఎస్-కె అని రెండు అక్షరాలతో సరిపెడతారు. మహమ్మద్ అయితే మరీ ఘోరం. ఎమ్ తర్వాత ఎ, ఓ, యు మూడూ నడుస్తాయి, చివర ఎ-డి, ఇ-డి రెండూ నడుస్తాయి, ఎమ్-డి అని పొట్టి రూపం ఉండనే ఉంది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరికీ రెండు స్పెల్లింగులు ఉండటం మనకు కొత్త కాదు. బడిలో మాస్టారు రాసిందొకటి, ఆధార్ కేంద్రంలో పడిందొకటి.

దీనికి నేను మా ఇంట్లో చేసిన పని చెబుతాను. నోట్‌ప్యాడ్‌లో ఒక ఫైల్ పెట్టాను. ఇంట్లో ఒక్కొక్కరికీ ఆధార్‌లో ఎలా ఉందో అచ్చం అలాగే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పూర్తి చిరునామా, పిన్ కోడ్. ఒక్కసారి కూర్చుని కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశాం. అమ్మీ చదివింది, నేను కొట్టాను, చెల్లి తిరిగి చూసింది. ఇక ఏ ఫారం వచ్చినా ఆ ఫైల్ తెరిచి, ఆల్ట్+ట్యాబ్‌తో అటూ ఇటూ మారుతూ కాపీ, పేస్ట్. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటే ఆ ఫైల్‌లో రెండూ రాసిపెట్టుకోండి, ఏ ఫారం ఏది అడుగుతుందో అది వాడండి. అయితే షార్ట్‌కట్ ఉన్న తప్పును దిద్దదు. ఫైల్‌లో తప్పుంటే ఆ తప్పే పది చోట్లకు పాకుతుంది. అందుకే మొదటిసారి సరిచూసుకోవడం మీద అంత పట్టుపడుతున్నాను.

వర్డ్ నుంచో, వాట్సాప్ వెబ్ నుంచో కాపీ చేసినప్పుడు అక్షరాల సైజు, రంగు కూడా వెంట వచ్చేస్తాయి. అవేవీ లేకుండా ఉత్త అక్షరాలే కావాలంటే చాలా చోట్ల కంట్రోల్+షిఫ్ట్+వి పనిచేస్తుంది. బ్యాంక్ అకౌంట్ నంబర్ లాంటి గడుల్లో కొన్ని సైట్లు పేస్ట్ చేయనివ్వవు. అక్కడ చేత్తోనే రెండుసార్లు కొట్టాలి, అది మన మంచికే.

డబ్బు కట్టే పేజీ తిరుగుతూ ఉన్నప్పుడు ఎఫ్5 కొట్టొద్దు. అది పేజీని మళ్ళీ తెప్పించే కీ. డబ్బు కట్ అయ్యాక పేజీ తాజా చేస్తే రెండోసారి కట్ అవడమో, రసీదు రాకపోవడమో జరగొచ్చు. ముందు బ్యాంక్ మెసేజ్ చూసుకోండి. పొరపాటున ట్యాబ్ మూసేస్తే కంట్రోల్+షిఫ్ట్+టి కొడితే తిరిగి తెరుచుకుంటుంది. కాకపోతే నింపిన వివరాలు అందులో ఉంటాయని నమ్మకం లేదు. రసీదు వచ్చాక కంట్రోల్+పి కొట్టండి. ప్రింటర్ లేకపోయినా అక్కడ పీడీఎఫ్‌గా సేవ్ చేసుకునే వీలుంటుంది. ఫోన్‌తో స్క్రీన్‌కు ఫోటో తీసుకునే అలవాటు ఇంక మానేయొచ్చు. తెర మీద కొంత భాగమే కావాలంటే విండోస్+షిఫ్ట్+ఎస్.

కొబ్బరి లెక్క, టాలీ లెక్క

అంబాజీపేట మార్కెట్ ఉన్న సీమ మనది. అల్లవరం చుట్టుపక్కల కూడా కొబ్బరి వ్యాపారం చేసేవాళ్ళు, వాళ్ళ దగ్గర గుమాస్తాగా చేరే మన పిల్లలు ఉన్నారు. కాబట్టి ఎక్సెల్‌ను కొబ్బరితోనే చెబుతాను.

మన దగ్గర ధర వెయ్యి కాయలకు చెబుతారు. ఒక రైతు 3,750 కాయలు తెచ్చాడు, వెయ్యి 18,000 రూపాయలు అనుకుందాం. 67,500 రూపాయలు. ఇది ఒక్క లైన్. రోజుకు నలభై లైన్లు పడితే? మొదటి గడిలో తేదీ కోసం కంట్రోల్+సెమీకోలన్ కొట్టండి, ఈరోజు తేదీ పడిపోతుంది. ఇది రేపు మారదు. ఫార్ములాతో పెట్టే తేదీ అయితే ప్రతిరోజూ మారిపోతుంది, అది ఖాతా పుస్తకానికి పనికిరాదు. పై లైన్‌లో ఉన్నదే కింద కూడా కావాలంటే కంట్రోల్+డి. పచ్చి కాయ, ముక్కుడు కాయ, గండేరా, గటగట అని సరుకు పేర్లు మళ్ళీ మళ్ళీ కొట్టే పని దీంతో తప్పుతుంది.

మొత్తం కూడాలంటే అంకెల కింద ఖాళీ గడిలో నిలబడి ఆల్ట్, ఈక్వల్ గుర్తు కలిపి కొట్టి ఎంటర్ చేయండి. కాలిక్యులేటర్ మీద కూడి ఎక్సెల్‌లో చేత్తో వేసే గుమాస్తాలను నేను ఇప్పటికీ చూస్తున్నాను! నలభై లైన్ల చివరకు పోవడానికి మౌస్ చక్రం తిప్పక్కర్లేదు, కంట్రోల్+కింది బాణం ఒక్క దెబ్బకు తీసుకుపోతుంది. మధ్యలో ఖాళీ గడి ఉంటే మాత్రం అక్కడే ఆగుతుంది. నిజానికి అది కూడా మంచిదే, ఎక్కడ లైన్ వదిలేశారో తెలిసిపోతుంది. దానికి షిఫ్ట్ కూడా కలిపితే అక్కడిదాకా మొత్తం సెలెక్ట్ అవుతుంది. ఒక్క రైతు లెక్కే విడిగా చూడాలంటే కంట్రోల్+షిఫ్ట్+ఎల్ కొడితే తలకట్టు లైన్‌లో ఫిల్టర్లు వస్తాయి.

ఎఫ్4 గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియక చాలామంది ఫార్ములాల జోలికే పోరు. కమీషన్ శాతం ఒకే గడిలో రాసి ఉంచారనుకోండి. అన్ని లైన్లూ ఆ గడినే చూడాలి. ఫార్ములాను కిందకు లాగితే ఎక్సెల్ ఆ గడిని కూడా కిందకు జరిపేస్తుంది, లెక్క తప్పుతుంది. ఫార్ములా రాస్తున్నప్పుడు ఆ గడి పేరు మీద ఉండి ఎఫ్4 కొడితే డాలర్ గుర్తులు పడతాయి. అంటే ఆ గడికి మేకు కొట్టినట్టు, ఇంక జరగదు. లాప్‌టాప్‌లో ఎఫ్4 కొడితే సౌండ్ తగ్గడమో, మైక్ ఆగడమో జరుగుతోందా? అయితే ఎఫ్‌ఎన్ అనే కీ పట్టుకుని కొట్టాలి. కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్+ఎస్కేప్ కొడితే ఆ గొడవ శాశ్వతంగా తీరుతుంది.

రంజాన్‌లో జకాత్ లెక్క వేసుకునే ఇళ్ళకు కూడా ఇదే ఎక్సెల్ చాలు. నగదు, బంగారం విలువ, షాపు సరుకు, రావాల్సిన బాకీలు ఒక్కో లైన్‌లో వేసి, కట్టాల్సిన అప్పులు తీసేసి, మొత్తాన్ని 40తో భాగిస్తే రెండున్నర శాతం వస్తుంది. ఏ సొమ్ము లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్నది మాత్రం కీబోర్డ్ చెప్పదు, మౌలానా సాహెబ్‌నే అడగాలి.

ఇక టాలీ. 1986లో బెంగళూరులో గోయెంకా తండ్రీకొడుకులు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ కీబోర్డ్ మనుషుల కోసమే ఉంది. టాలీలో మౌస్ పట్టుకునేవాడిని పాత అకౌంటెంట్లు కొత్తవాడని ఇట్టే పసిగడతారు. వోచర్లు వరసగా గుర్తుపెట్టుకోండి: ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. తేదీ మార్చడానికి ఎఫ్2. వోచర్ మధ్యలో ఉండగా కొత్త పార్టీ లెడ్జర్ కావాలంటే బయటకు రాకుండానే ఆల్ట్+సి. అయిపోయాక కంట్రోల్+ఎ కొడితే ఒప్పుకుని సేవ్ అవుతుంది, ప్రతి గడికీ ఎంటర్ కొట్టుకుంటూ చివరిదాకా వెళ్ళే పని లేదు. కానీ ఒకసారి కళ్ళతో చూసి కొట్టండి. తప్పు మొత్తాన్ని కూడా అది అంతే సంతోషంగా సేవ్ చేస్తుంది.

ఇంటర్వ్యూలలో నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒకటుంది. ఆల్ట్+డి కీ, ఆల్ట్+ఎక్స్ కీ తేడా ఏంటని. మొదటిది వోచర్‌ను పూర్తిగా చెరిపేస్తుంది. రెండోది రద్దు చేస్తుంది, నంబర్ మాత్రం అలాగే ఉంటుంది. జీఎస్టీ బిల్లులకు నంబర్లు వరసగా ఉండాలి కాబట్టి అమ్మకం బిల్లు తప్పు పడినప్పుడు చెరిపేయడం కంటే రద్దు చేయడమే సరైన పద్ధతి. అప్పుడు నాకు తెలియలేదు. ఆ ఉద్యోగం రాలేదు.

కోచింగ్ సెంటర్లలో ఇప్పటికీ పాత టాలీ ఈఆర్‌పీ 9 నోట్సే జిరాక్స్ తీసి ఇస్తున్నవాళ్ళు ఉన్నారు. 2020 చివర్లో టాలీ ప్రైమ్ వచ్చాక కొన్ని మారాయి. పాతదాంట్లో డెబిట్ నోట్‌కు కంట్రోల్+ఎఫ్9, క్రెడిట్ నోట్‌కు కంట్రోల్+ఎఫ్8 ఉండేవి. ప్రైమ్‌లో ఆల్ట్+ఎఫ్5, ఆల్ట్+ఎఫ్6 అయ్యాయి. ప్రైమ్‌లో బాగా పనికొచ్చేది ఆల్ట్+జి. ఏ రిపోర్ట్ కావాలో పేరు కొడితే నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. ఫీజు కట్టే ముందు ఏది నేర్పుతారో అడగండి.

తెలుగు, ఉర్దూ రెండూ కొట్టేవాళ్ళకు

మన పాఠకుల్లో రెండు భాషలూ కొట్టేవాళ్ళు ఎక్కువ. నికా కార్డు అనుకోండి, మదర్సా నోటీసు అనుకోండి. విండోస్ సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు, ఉర్దూ చేర్చుకుంటే, విండోస్+స్పేస్ కొట్టిన ప్రతిసారీ కీబోర్డ్ ఒక భాష నుంచి ఇంకో భాషకు మారుతుంది. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ రాకపోతే ఫొనెటిక్ పద్ధతి ఎంచుకోండి, విండోస్ 10లో 2019 నుంచి ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొడితే తెలుగు పడుతుంది.

ఉర్దూ కొడుతుంటే చుక్క ఎక్కడో పడటం, బ్రాకెట్ తిరగబడటం చూసి విసుగొస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు పోతుంది, పేరా మాత్రం ఎడమ నుంచి మొదలైనట్టు ఉంటుంది, అదీ కారణం. ఉర్దూ చేర్చుకున్న కంప్యూటర్‌లో కంట్రోల్ పట్టుకుని కుడివైపు షిఫ్ట్ కొడితే పేరా కుడి నుంచి మొదలవుతుంది. ఎడమవైపు షిఫ్ట్ కొడితే తిరిగి తెలుగు, ఇంగ్లీషు పద్ధతికి వస్తుంది. వర్డ్‌లో, నోట్‌ప్యాడ్‌లో ఇది పనిచేస్తుంది. ఈ ఒక్కటి తెలియక స్పేస్ బార్ కొట్టి కొట్టి అక్షరాలను కుడివైపుకు తోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ప్రింటింగ్ ప్రెస్ నుంచి వచ్చిన అను ఫాంట్ల తెలుగు ఫైల్‌ను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. పాత ఇన్‌పేజ్ ఉర్దూ ఫైళ్ళదీ అదే బాధ. కంట్రోల్+సి చెడిపోయిందని కాదు. ఆ ఫైళ్ళల్లో అక్షరాలు యూనికోడ్ పద్ధతిలో దాచలేదు. ముందు కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాలి, తర్వాతే పేస్ట్.

నెట్ సెంటర్‌లో జాగ్రత్త

విండోస్+వి అనే షార్ట్‌కట్ ఉంది. ఒకసారి ఆన్ చేస్తే చివరగా కాపీ చేసిన వాటిని వరసగా 25 దాకా చూపిస్తుంది. సొంత కంప్యూటర్‌లో అది వరం. పదిమంది వాడే కంప్యూటర్‌లో మాత్రం మీ ఆధార్ నంబర్, ఇంటి చిరునామా మీ తర్వాత కూర్చున్నవాడికి కనపడతాయి. పని అయ్యాక విండోస్+వి కొట్టి చూడండి. మీవి ఉంటే అక్కడే చెరిపేయండి. అక్కడ బ్రౌజర్ తెరిచేటప్పుడే కంట్రోల్+షిఫ్ట్+ఎన్ కొట్టి క్రోమ్‌లో విడి కిటికీ తెరవండి, మూసేస్తే హిస్టరీ మిగలదు. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్ళు మాత్రం మిగులుతాయి, వాటిని చేత్తో తీసేయాలి. సచివాలయంలోనో, షాపులోనో పనిచేసే పిల్లలు సీట్లోంచి లేచేటప్పుడు విండోస్+ఎల్ కొట్టి తాళం వేయడం అలవాటు చేసుకోవాలి. మీ లాగిన్‌తో ఇంకొకరు చేసిన పనికి సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

ఇప్పుడు చెప్పేది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. షార్ట్‌కట్లు తెలిసినవాళ్ళనే బుట్టలో వేసుకునే మోసం ఒకటి 2024 నుంచి ప్రపంచమంతా తిరుగుతోంది. ఏదో పేజీ తెరుస్తారు. గల్ఫ్ ఉద్యోగం అని ఉండొచ్చు, ఉమ్రా ప్యాకేజీ అని ఉండొచ్చు, సినిమా డౌన్‌లోడ్ కావచ్చు. "మీరు రోబోట్ కాదని నిరూపించండి" అంటుంది. మీరు నొక్కగానే మీకు తెలియకుండా ఒక ఆదేశం కాపీ అయిపోతుంది. తర్వాత విండోస్+ఆర్ కొట్టమంటుంది, కంట్రోల్+వి కొట్టమంటుంది, ఎంటర్ కొట్టమంటుంది. చూడటానికి మూడు మామూలు షార్ట్‌కట్లు. చేసిందేమిటంటే, దొంగ ప్రోగ్రామ్‌ను మీ చేతులతో మీరే నడిపించారు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు దాని చేతికి వెళ్తాయి. ఏ నిజమైన సైటూ రోబోట్ పరీక్ష కోసం విండోస్+ఆర్ కొట్టమని అడగదు. అడిగిందంటే ఆ పేజీని ఆల్ట్+ఎఫ్4తో మూసేయడమే.

ఇంట్లో కంప్యూటర్ లేదంటారా

లేకపోయినా నేర్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఓటీజీ అనే చిన్న ముక్క తగిలించి మామూలు యూఎస్‌బీ కీబోర్డ్ పెడితే చాలా ఫోన్లలో పనిచేస్తుంది. కాపీ, పేస్ట్, సెలెక్ట్, ట్యాబ్ అన్నీ అందులోనే అలవాటవుతాయి. ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటున్న అమ్మాయిలకు నేను ఇదే చెబుతుంటాను. గ్రూప్-2 లాంటి ఉద్యోగాలకు ఏపీపీఎస్సీ పెట్టే కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ చేత్తో చేసి చూపించే పరీక్ష. అక్కడ టైమ్ గడియారం చూస్తూ మెనూల్లో వెతుక్కుంటే కుదరదు.

చూపు లేనివాళ్ళకైతే కీబోర్డే దారి. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. దాన్ని పూర్తిగా కీలతోనే నడుపుతారు, మౌస్ ముట్టుకోరు. ఆ పద్ధతిలో పని చేసే మనిషి పక్కన పది నిమిషాలు కూర్చుంటే మనం ఎంత వృథా చేస్తున్నామో తెలిసొస్తుంది.

ఇన్నీ ఒక్కరోజులో గుర్తుపెట్టుకోవాలని చూడకండి, ఎవరివల్లా కాదు. ఈ వారం ట్యాబ్, ఆల్ట్+ట్యాబ్, కంట్రోల్+జడ్ మాత్రమే తీసుకోండి. చిన్న కాగితం మీద రాసి తెర అంచున అతికించండి. మొదటి రెండు రోజులు పని నెమ్మదిస్తుంది, చెయ్యి తనంతట తానే మౌస్ దగ్గరకు పోతుంది. మా గురువుగారైతే మౌస్ తీసి బీరువాలో పెట్టేవారు. వచ్చే వారం ఇంకో మూడు. మా ఖాలా కొడుకు కాగితాల ఫైల్ ఇప్పుడు మా చెల్లి దగ్గర ఉంది. రెండోసారి ఫారం తనే నింపింది, పేర్లన్నీ కాపీ చేసి. పాస్‌పోర్ట్ వచ్చింది. మామూకు ఫోటో పంపితే, వీసా ఫారం కూడా ఆ పిల్లతోనే కొట్టించమన్నాడు.